గయానాలో చిన్న పెట్టుబడి: కోల్డ్ స్టోరేజా, కూరగాయల సాగా?

నమస్కారమండీ. మాది కోనసీమ. మూడేళ్లుగా దక్షిణ అమెరికాలోని గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2019 చివర్లో సముద్రంలో చమురు తీయడం మొదలైనప్పటి నుంచి ఇక్కడ డబ్బు బాగా తిరుగుతోంది. నా దగ్గర 40 లక్షల రూపాయల దాకా ఉన్నాయి, ఇక్కడే ఏదైనా పెట్టాలని ఉంది.

చమురు కంపెనీలకు భోజనాలు, వసతి లాంటివి చూద్దామంటే, 2021లో తెచ్చిన చట్టం 40 రకాల పనుల్లో స్థానికులకే పెద్ద పీట వేసింది. అందుకే కూరగాయల వైపు చూస్తున్నాను. బౌర్డా మార్కెట్‌లో పొద్దున గట్టిగా ఉన్న టమాటాలు మధ్యాహ్నానికి మెత్తబడి నీరు కారుతుంటాయి. నేను కొనే పెద్దావిడ సాయంత్రానికి ఒక బుట్టెడు పారబోస్తుంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చిన్న కోల్డ్ స్టోరేజ్ పెడదామంటే కరెంటు కోతల టెన్షన్. షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద సాగు అంటే, తీరమంతా సముద్ర మట్టానికి పల్లం. పోటు తగ్గాక లాకులు ఎత్తితేనే వాన నీళ్లు పోతాయి, అచ్చం మా లంకల బాధే.

గయానాలోనో ట్రినిడాడ్‌లోనో వ్యాపారం చేసినవాళ్లు ఉన్నారా? సోలార్ కోల్డ్ రూమ్‌కు ఎంతవుతుంది? స్థానిక భాగస్వామి లేకుండా భూమి లీజుకు ఇస్తారా? నష్టపోయి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. ఈ డబ్బులో మా ఆవిడ నగలు అమ్మినవి కూడా ఉన్నాయి.