8 లక్షల్లో పాత ఆడి ఏ3 తీస్కోవచ్చా, లేక కొత్త చిన్న కారేనా? గేర్‌బాక్స్ ఖర్చు తెలిసినోళ్లు చెప్పండి

కూకట్‌పల్లి_రైడర్:
అన్నలూ ఒక సలహా కావాలె. నా బడ్జెట్ 8 లక్షలు. కొత్త స్విఫ్ట్ తీస్కోమని నాన్న పోరు పెడుతున్నడు. కానీ నేనొక 2015 ఆడి ఏ3 చూసిన, 1.8 పెట్రోల్ ఆటోమేటిక్, మీటర్ల 62 వేలుంది, ఢిల్లీ రిజిస్ట్రేషన్. ఒక రౌండ్ నడిపిన కాడ్నుంచి మనసంతా దాని మీదనే ఉంది. రోజూ గచ్చిబౌలి పోయి రావాలె, రానుపోను 30 కిలోమీటర్లు, పొద్దున సాయంత్రం మొత్తం ట్రాఫికే. గేర్‌బాక్స్ పోతే లక్షలయితదని భయపెడుతున్నరు, నిజమేనా?

సేఫ్‌గేమ్_శీను:
వద్దు బ్రో. కొత్త బండికి వారంటీ ఉంటది, ఊర్ల ఏ మెకానిక్ అయినా చేస్తడు. నాన్న మాట విను.

ఆటోనగర్_అన్న:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో 13 ఏళ్లుగా ఆడి, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, ఈ గ్రూపు బళ్ల పనే నాది, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఏ3 మన దగ్గరికి 2014 ఆగస్టులో వచ్చింది, 1.8 పెట్రోల్, 2.0 డీజిల్. 2017లో కొత్త మోడల్‌కి 1.8 తీసేసి 1.4 పెట్రోల్ పెట్టారు. బయటికి అన్నీ ఆటోమేటిక్కే గానీ లోపల గేర్‌బాక్సులు వేరు. పెట్రోల్ రెండిటికీ 7 గేర్ల డ్రై క్లచ్, మేం డీక్యూ200 అంటాం. డీజిల్‌కి 6 గేర్ల డీక్యూ250, దాని క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి వేడిని ఆయిల్ లాగేసుకుంటది. డ్రై క్లచ్‌కి ఆ అవకాశం లేదు, జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర అంగుళం అంగుళం పాకిస్తా ఉంటే ప్లేట్లు రాసుకుని వేడెక్కుతానే ఉంటాయి. నీ రూటుకి అసలు తేడా ఇదే.

డీక్యూ200కి రెండు జబ్బులు. ఒకటి క్లచ్ అరుగుదల, ఒకటో గేరు నుంచి రెండుకి వెళ్లేటప్పుడు బండి వణుకుద్ది. రెండోది మెకట్రానిక్, అంటే గేర్‌బాక్స్ బుర్ర. అందులో ఆయిల్‌ని ప్రెషర్‌తో పట్టి ఉంచే అక్యుములేటర్ ఉంటది, అది బిగించిన చోట అల్యూమినియం బాడీ పగులుద్ది, ప్రెషర్ నిలవదు, పంపు అదే పనిగా తిరుగుద్ది, చివరికి డాష్‌బోర్డులో గేర్ గుర్తు మెరిసి బండి నడిరోడ్డు మీద ఆగిపోద్ది. స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లో పడ్డ ఎర్రర్లు చదివే మెషిన్, పెడితే పీ17బీఎఫ్ కోడ్ వస్తది, మాకు ఆ కోడ్ చూడగానే విషయం అర్థమైపోద్ది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లే ఇదే గేర్‌బాక్స్ ఉన్న 16 లక్షల బళ్లని వెనక్కి పిలిచి సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోశారు, వేడి, తేమ ఎక్కువున్న చోట్ల లోపల కరెంటు సమస్య వస్తుందని. అది వేరే సమస్య, కానీ ఈ గేర్‌బాక్స్‌కి మన వాతావరణం పడదని దాన్నిబట్టి తెలుసుకో.

ఖర్చు సంగతి. కొత్త మెకట్రానిక్ వేయిస్తే పనితో కలిపి లక్షన్నర నుంచి రెండున్నర దాకా లెక్కేసుకో. బయట గ్యారేజీలో పగిలిన భాగం మట్టుకు మార్చి కిట్ వేస్తే 40, 60 వేల మధ్య అవుద్ది. క్లచ్ సెట్టు వేరే, లేబర్‌తో 80 వేలు దాటుద్ది. ఇంకా 1.8 ఇంజన్‌కి వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి ఒకే ప్లాస్టిక్ హౌసింగులో ఉంటాయి, అది లీకవడం మామూలే, పింక్ కూలెంట్ తగ్గుతా ఉంటే దాన్నే అనుమానించు, నీళ్లు పోసి నెట్టుకురావొద్దు.

2014లో షోరూంలో 23 లక్షల దగ్గర మొదలైన బండి ఇప్పుడు 8కి దొరుకుతుంది గానీ దాని హెడ్‌లైటు, బంపరు, గేర్‌బాక్స్ రేట్లు 23 లక్షల బండివే. ఈ లెక్క మర్చిపోయి కొన్నవాళ్లు బండి మా షెడ్లో ఆరేసి నెలలు వదిలేసి వెళ్తారు, చూస్తే బాధేస్తది. నా మాట ఏంటంటే పెట్రోల్ వద్దు, డీజిల్ అయితే తీసుకో, అది కూడా 2 లక్షలు పక్కన పెట్టుకుని, అంటే 8 లక్షలుంటే 6 లక్షల బండి కొను.

ఆక్టేవియా_కరీంనగర్:
అన్నా మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ అన్ని డీక్యూ200లు పోతయనడం న్యాయం కాదు. నాది 2014 స్కోడా ఆక్టేవియా 1.8, అదే ఇంజన్ అదే గేర్‌బాక్స్, లక్షా 12 వేలు తిరిగింది, మెకట్రానిక్ ఇప్పటిదాకా ముట్టుకోలే. నేను ట్రాఫిక్‌ల పాకియ్య, ముందు బండి రెండు బండ్లంత జాగ వదిలినంకనే కదిలిస్త, ఆగితే బ్రేకు పూర్తిగ తొక్కుత, అప్పుడు క్లచ్ విడిపోయి ఉంటది. ఇంకోటి, ఏ3 ఆక్టేవియా రెండూ ఒకే ప్లాట్‌ఫాం, సస్పెన్షన్ బుష్‌లు, ఫిల్టర్లు, సెన్సర్లు సగం ఒకటే. స్కోడా పార్టు అని అడిగితే తక్కువకే వస్తది.

ఆటోనగర్_అన్న:
మీరు చెప్పిన పార్టుల మాట నూటికి నూరు పాళ్లు నిజం, నేను చేసేదీ అదే. మీ డ్రైవింగూ మెచ్చుకోవాల్సిందే. కానీ కరీంనగర్ రోడ్డు వేరు, కూకట్‌పల్లి సాయంత్రం ఏడింటికి వేరు, అక్కడ రెండు బళ్ల జాగా వదిలితే ముగ్గురు దూరతారు. పైగా మీది మొదట్నుంచీ మీ చేతిలో ఉన్న బండి. ఈ తమ్ముడు కొనేదాన్ని అంతకుముందు ఎవరు ఎలా నడిపారో ఎవరికి తెలుసు?

వైజాగ్_టీడీఐ:
నాలుగేళ్లుగా నా దగ్గర 2016 ఏ3 డీజిల్ ఉందండి, ఖర్చులన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను, అవే చెప్తాను. గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 16 వేలు, ఇది ప్రతి 60 వేల కిలోమీటర్లకి తప్పకుండా చేయించాలి. ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు 14 వేలు. బ్యాటరీ 17 వేలు, సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే సిస్టం ఉంది కాబట్టి మామూలు బ్యాటరీ వేయకూడదు. నాలుగు టైర్లు 36 వేలు. ఏటా సర్వీసు బయట 12 నుంచి 15 వేలు. అంటే నాలుగేళ్లకి లక్షన్నర లోపే, గేర్‌బాక్స్ విప్పే పని రాలేదు. కానీ నేను వారానికోసారి అన్నవరం దాకా హైవే మీద తిప్పుతాను. రోజూ ట్రాఫిక్‌లో చిన్న దూరాలే తిప్పితే డీజిల్‌కి ఈజీఆర్‌లో, అంటే పొగని కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వులో, మసి పట్టేస్తుంది, ఆ మాట కూడా చెప్పాలి కదా.

ఇన్సూరెన్స్ కూడా అడిగి చూసుకోండి, పాత బళ్లకి చాలా కంపెనీలు జీరో డెప్, అంటే తరుగు కోయకుండా పార్టుల డబ్బు ఇచ్చే పాలసీ, ఇవ్వవు, అప్పుడు బంపర్ పగిలితే సగం డబ్బు మన జేబులోంచే.

ఆటోనగర్_అన్న:
మంచి మాట. ఇంకో రెండు జాగ్రత్తలు. ఢిల్లీలో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలు వచ్చిన దగ్గర్నుంచి అక్కడి బళ్లు చవగ్గా ఇటొస్తున్నాయి, ఎన్‌ఓసీ, మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక ఎంత మిగులుద్దో ముందే లెక్కేసుకో. రెండోది నీళ్లలో మునిగిన బళ్లు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా సింగ్‌నగర్‌లో ఎన్ని కార్లు పైకప్పు దాకా మునిగాయో కళ్లారా చూశాను, హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ వానలప్పుడూ అంతే. సీట్‌బెల్టు చివరిదాకా లాగి చూడు, బురద గీత ఉంటే అక్కడే తెలుస్తది. సీటు కింద పట్టాలకి తుప్పుందా చూడు. స్కానర్ లేకుండా అడ్వాన్సు ఇవ్వకు.

కూకట్‌పల్లి_రైడర్:
అన్నలందరికీ థాంక్స్, నిన్న స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీస్కొని పోయిన. మీటర్ల 62 వేలుంటే లోపల ఒక మాడ్యూల్ల లక్షా 18 వేల కిలోమీటర్ల కాడ పడ్డ ఎర్రర్ కనబడ్డది, అంటే మీటర్ వెనక్కి తిప్పిన్రన్నట్టే. అమ్మేటాయన్ని అడిగితే నాకేం తెల్వదన్నడు. అడ్వాన్సు ఇయ్యకుండనే వచ్చేసిన. స్విఫ్ట్‌కి ఇంకా మనసు ఒప్పుతలేదు. వరంగల్‌ల ఒక 2016 డీజిల్ ఉందట, ఫస్ట్ ఓనర్, సర్వీస్ బిల్లులన్నీ ఉన్నయట, 6 లక్షల 40 వేలు చెప్తున్నరు. ఆదివారం పోతున్న, హన్మకొండ సైడు ఈ బండ్లకు స్కాన్ చేసేటోళ్లు ఎవరన్న తెలుసా?