నీలం పూసుకున్నది ఎవరు?

"వొలారే... ఓ ఓ" అనే ఇటాలియన్ పాట డీన్ మార్టిన్ గొంతులోనో జిప్సీ కింగ్స్ గిటార్లతోనో మీలో చాలామంది చెవిన పడే ఉంటుంది. దాని అసలు పేరు అది కాదు, "నెల్ బ్లూ దిపింతో ది బ్లూ". దొమెనికో మొదూన్యో, ఫ్రాంకో మిల్యాచ్చి కలిసి రాశారు, 1958లో సాన్‌రెమో పాటల పోటీలో మొదూన్యో రెండు చేతులూ బార్లా చాచి పాడి గెలిచాడు. అదే ఏడాది యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో మూడో స్థానమే వచ్చింది గానీ అమెరికాలో నంబర్ వన్ అయింది, 1959లో మొట్టమొదటి గ్రామీల్లో రెండు పెద్ద బహుమతులు దీనికే వచ్చాయి. సరే, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి.

దీన్ని తెలుగులోకి తేవాలని కూర్చుంటే నా తంటా పాట పేరుతో. నెల్ బ్లూ అంటే నీలంలో, ది బ్లూ అంటే నీలంతో, దిపింతో అంటే రంగు పూసిన. ఎవరికి పూసిన? ఇటాలియన్‌లో "బ్లూ" పుంలింగం, పాడేవాడూ మగవాడే, కాబట్టి ఆ "దిపింతో" ఆకాశానికీ అతుకుతుంది, అతనికీ అతుకుతుంది, ఏదో ఒకటి తేల్చాల్సిన పని వాళ్ళకి లేదు. మనకి ఉంది. "నీలం పూసిన నీలంలో" అంటే ఆకాశం, "నీలం పూసుకుని నీలంలో" అంటే నేను. ఆ ఒక్క "కొను" గుట్టు విప్పేస్తుంది. నా ఓటు పూసుకోవడానికే, ఎందుకంటే చేతులకీ మొహానికీ నీలం పూసుకునేవాణ్ణి అని మొదట్లోనే అంటాడు. చిత్రకారుడు షగాల్ బొమ్మలు చూస్తుంటే ఈ ఊహ వచ్చిందని మిల్యాచ్చి తర్వాత చెప్పుకున్నాడు కూడా. మీరేమంటారు?

జవాబు: పూసుకోవడమే అండి. దాని వెనకే గాలి తనని ఎత్తుకుపోయేది అంటాడు చూడండి, అక్కడ ఇటాలియన్ మాట "రపీతో", అపహరించడం. మన "ఎత్తుకుపోవడం" అచ్చంగా సరిపోతుంది, పిల్లల్ని ఎత్తుకుపోయినట్టు.

జవాబు: ఒక్క మాట. ఇటలీలో పగటి ఆకాశానికి మామూలుగా వాడేది "అజ్జూర్రో", వాళ్ళ ఫుట్‌బాల్ జట్టుని "అజ్జూర్రి" అంటారు. "బ్లూ" ముదురు రంగు. ఇది కల పాట, కాబట్టి రాత్రి ఆకాశం. ఆకాశనీలం అని రాశారో, తెల్లారిపోతుంది!

జవాబు: వొలారే, కాంతారే సంగతేంటి? ఎగరడం, పాడటం అని రాస్తే వ్యాకరణం పుస్తకంలా ఉంది. "ఎగరనీ... పాడనీ" అంటే? మనదీ అజంత భాషే కదా, చివర సాగదీయడానికి అచ్చు దొరుకుతుంది.

మళ్ళీ నేను: ముదురు నీలం మాట ఒప్పుకుంటాను, సగమే. సూర్యుడి కంటే పైకి ఎగిరానని కూడా అంటాడు మరి! "ఎగరనీ" చెవికి బాగుంది గానీ ఎవరినో పర్మిషన్ అడుగుతున్నట్టుంది, అతను ఎవరినీ అడగడు.

మీ జవాబులు చదివాక చివరి చరణం మళ్ళీ విన్నాను. మొదట పల్లవిలో "లస్సూ" అంటాడు, అక్కడ పైన ఉండటం హాయి అని. చివరికొచ్చేసరికి "క్వజ్జూ", ఇక్కడ కింద. తెల్లారితే కలలన్నీ చందమామ వెంట పోతాయి, అయినా నీ నీలాల కళ్ళల్లో కల కంటూనే ఉంటాను అని నేల మీదకి దిగుతాడు. అది గమనించకుండా ఇన్నాళ్ళూ దీన్ని ఉత్త ఎగిరే పాట అనుకున్నాను. అక్కడా ఇక్కడా అన్న అ, ఇ మనకి పుట్టుకతో వచ్చినవే, కాబట్టి ఈ ముక్క మాత్రం కష్టపడకుండానే వచ్చింది: "అక్కడ పైన ఎంత హాయి", ఆనక "ఇక్కడ కింద ఎంత హాయి". కళ్ళ దగ్గర మాత్రం ఆగిపోయాను. నీలాల కన్నులు అనగానే మనవాళ్ళకి నల్లకలువలు గుర్తొస్తాయి, ఆమెవేమో నిజంగానే నీలం.