అప్‌డేట్: రాగి కుకీలు కుదిరాయి

మైదా, పంచదార లేకుండా తీపి ఇష్టపడే మా ఇంటివాళ్లకు కుకీలు ఎలా చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

రాగిపిండి, గోధుమపిండి చెరో కప్పు కలపమన్న సలహా బాగా పనిచేసింది. రాగిలో గ్లూటెన్ (పిండిని పట్టి ఉంచే జిగురులాంటి ప్రోటీన్) ఉండదు కాబట్టి అదొక్కటే వాడితే కుకీ పొడిపొడిగా విరిగిపోతుంది. రాగిపిండిని ముందు సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి, ఈ పని మాత్రం మానొద్దు. ముప్పావు కప్పు బెల్లం పొడి, అంతే నెయ్యి, అర చెంచా బేకింగ్ పౌడర్, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు, ముద్ద అవడానికి సరిపడా పాలు. బెల్లం త్వరగా మాడుతుంది, అందుకే ఓవెన్‌లో 160 డిగ్రీల సెల్సియస్ చాలు. 15 నిమిషాల తర్వాత ఓ కన్నేసి ఉంచండి. తీసినప్పుడు మెత్తగా ఉన్నా చల్లారాక గట్టిపడతాయి.

మామయ్యగారికి షుగర్ ఉంది. బెల్లమైతే ఫర్వాలేదని కొందరన్నారు గానీ, బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. ఆయనకు తీపి వేయకుండా వాము, నువ్వులతో ఉప్పు బిస్కెట్లు వేరుగా చేస్తున్నాను. పిల్లలు అవీ అడిగి తింటున్నారు!