‘జూల్ ఎ జిమ్’లో జీవితానిది ఏ లింగం?

ప్రశ్న: ఫ్రెంచ్ దర్శకుడు త్రుఫో 1962లో తీసిన ‘జూల్ ఎ జిమ్’ సినిమాలో ఆస్ట్రియా దేశస్థుడైన జూల్, మాటల లింగాలే కలవని రెండు భాషల్లో వాటి అర్థాలు మాత్రం ఎలా కలుస్తాయంటూ, జర్మన్‌లో యుద్ధం, మృత్యువు, చంద్రుడు పుంలింగాలనీ, సూర్యుడు, ప్రేమ స్త్రీలింగాలనీ చెప్పి, చివర జీవితం గురించి ఒక ముక్క అంటాడు. అది ‘జీవితం తటస్థం’ అని నా మనసులో ఉండిపోయింది. సరైనదేనా?

జవాబు: కాదండీ. ఫ్రెంచి మూలంలోని మాట ‘నోత్ర్’; దానికి నపుంసకలింగమనీ, తటస్థమనీ రెండర్థాలు. జరుగుతున్నది వ్యాకరణ ప్రసంగం, జర్మన్‌లో జీవితానికి మాటైన ‘లేబెన్’ నపుంసకలింగం, కనుక తటస్థానికి అక్కడ చోటు లేదు.

జవాబు: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఫ్రెంచిలో ఏ పక్షానా చేరని దేశాన్నీ ఆ మాటతోనే చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఎదుటి పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి మిత్రుడు జిమ్ తన చేతిలో ఎక్కడ చనిపోతాడోనని వణికి, రష్యా సరిహద్దుకు పంపుతున్నారనగానే ఊపిరి పీల్చుకున్న జూల్ నోట ఆ రెండో అర్థం పలకదని ఎలా అనగలం?

జవాబు: లింగం మారితే ఏం పోతుందో చూడాలంటే జర్మన్ కవి హైనె కవిత దగ్గరికి వెళ్లాలి. మంచు కప్పుకొని నిద్రలో తూగుతున్న ఉత్తరదేశపు ఫిష్టెన్‌బౌమ్ (దేవదారు జాతి చెట్టు) పుంలింగం, అది కలగనే, మండే కొండచరియ మీద మౌనంగా కుమిలే పాల్మె (తాళజాతి చెట్టు) స్త్రీలింగం. ఫ్రెంచిలో ఆ చెట్ల పేర్లు ‘సపాఁ’, ‘పల్మియే’ రెండూ పుంలింగాలే కావడంతో ఆ విరహం సగం ఆవిరైపోతుంది. 1831 నుంచి పారిస్‌లోనే బతికిన కవికి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా!

జవాబు: హైనెను తలవని చర్చ ఈ గుంపులో ఇంకా పుట్టలేదు. మన వ్యాకర్త చిన్నయసూరి చెప్పిన మహదమహత్తుల లెక్కన, అంటే మగవాళ్లకు ఒక క్రియ, మిగతావాటికి మరో క్రియ అన్న లెక్కన చూడండి: యుద్ధం వచ్చింది, ప్రేమ వచ్చింది, మృత్యువు వచ్చింది, జీవితం వచ్చింది, జూల్, జిమ్ ఇద్దరూ ప్రేమించిన కేథరిన్ కూడా వచ్చింది. సూర్యచంద్రులు మాత్రమే మగవాళ్లు. అయితే ముగ్గురూ కలిసి వస్తే కేథరిన్‌కూ మగవాళ్ల క్రియే దక్కుతుంది, ‘వచ్చారు’ అంటాం. ముగ్గురి కథకు ఇంతకన్నా అనువైన వ్యాకరణం ఆ రెండు భాషల్లోనూ లేదని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారు: బాగుంది కానీ, ‘నపుంసకం’ అంటే తెలుగు చెవికి తిట్టులా వినిపిస్తుంది. ‘క్లీబం’ అందామా?

జవాబు: అది మరీ ప్రమాదం. ‘క్లైబ్యం మా స్మ గమః’ (పిరికితనానికి లోనుకాకు) అని కృష్ణుడు అర్జునుణ్ణి మందలించింది యుద్ధభూమిలోనే కదా. జూల్ దిగులుపడ్డదీ మిత్రుణ్ణి చంపవలసి వస్తుందేమోననే.

జవాబు: అలాగైతే ‘తటస్థం’ వాదానికి మీరే బలం చేకూర్చారు.