పాత లైట్జ్ ఇత్తడి మైక్రోస్కోప్: గ్రీజు గడ్డకట్టింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాను. పోయిన వారం ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక ఇత్తడి మైక్రోస్కోప్ కొన్నాను. గొట్టం మీద 'ఇ. లైట్జ్, వెట్జ్‌లార్' (మైక్రోస్కోప్‌లు తయారుచేసిన జర్మన్ కంపెనీ, దాని ఊరు) అని, కింద 61 వేల పైచిలుకు నంబరు చెక్కి ఉన్నాయి. లైట్జ్ వాళ్లు తమ లక్షవ మైక్రోస్కోప్‌ను 1907లో క్షయ క్రిమిని కనుగొన్న శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్‌కి ఇచ్చారు కాబట్టి నాది అంతకంటే ముందుదే అయ్యుండాలి. సరిగ్గా ఏ సంవత్సరమో నంబరును బట్టి చెప్పగలరా?

అసలు టెన్షన్ వేరే. గొట్టాన్ని పైకీ కిందకీ జరిపే పెద్ద మర అస్సలు తిరగడం లేదు. లోపలి గ్రీజు గడ్డకట్టినట్టుంది. బలవంతంగా తిప్పితే పళ్లు విరుగుతాయేమోనని వదిలేశాను. కిరోసిన్ చుక్కలు వేయొచ్చా, లేక కొంచెం వేడి చేస్తే చాలా? 3, 7 నంబర్ల ఆబ్జెక్టివ్‌లు (గొట్టం కింది చివర, చూసే వస్తువు వైపు ఉండే కటకాలు) రెండూ ఉన్నాయి, వాటి అద్దాలు బాగానే ఉన్నాయి.

ఇంకోటి. వీడియో కాల్‌లో చూసి అమ్మ "చింతపండు పెట్టి తోమెయ్, తళతళలాడుతుంది" అంది! ఆ బంగారు రంగు పాత లక్క పూత కదా, తోమితే పోతుందని నా భయం. పూత చెడకుండా మురికి మాత్రం తీసే పద్ధతి, మీరు స్వయంగా చేసి చూసింది ఉంటే చెప్పండి.