ఫోకస్ యాప్ నిజంగ పనికొస్తదా, లేకపోతే గదొక టైంపాసా?

హన్మకొండ_గ్రూప్2:
అన్నలు, అక్కలు, నేను నక్కలగుట్ట దిక్కు రూంల ఉండి గ్రూప్-2కి చదువుతున్న. పొద్దుగాల లైబ్రరీల కూసుంటే మంచిగనే షురూ అయితది గని జరసేపటికే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతది, రీల్స్‌ల పడ్డనంటే మల్ల ఎప్పుడు బయటపడ్తనో నాకే తెల్వది. మా రూమ్మేట్ ఫారెస్ట్ యాప్ ఏస్కో అంటడు, టైమర్ పెడితే స్క్రీన్ మీద చెట్టు పెరుగుతదట, నడుమల వేరే యాప్ తెరిస్తే ఎండిపోతదట. మా అన్నేమో ఫోన్ చూసుడు బంద్ చెయ్యనీకి మల్ల ఫోన్లనే యాప్ ఏందిరా అని నవ్వుతుండు. వాడినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_పోరడు:
మీ అన్న చెప్పిందే కరెక్ట్ తమ్మీ. 2020 జూన్ 29 నాడు సర్కారే టిక్‌టాక్‌తోని కలిపి 59 యాప్‌లు బంద్ పెట్టింది, దానికంటే పెద్ద బ్లాకర్ ఇంకేమన్న ఉంటదా? ఏమైంది మల్ల, జులైలనే ఇన్‌స్టా రీల్స్ దిగింది, చూసేటోళ్లందరు అటు మర్రిండ్రు. ఒకటి మూస్తే ఇంకోటి తెరుస్తం, గంతే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు రెస్ట్ అని పొమొడోరో పద్ధతి ఉంది గదా, అది 1980లల్ల ఫ్రాంచెస్కో సిరిల్లో అని ఇటలీ స్టూడెంట్ వంటింటి టైమర్ పెట్టుకొని మొదలువెట్టిండు. గప్పుడు ఏ యాప్ ఉండె? ఫోన్ రూంల పెట్టి లైబ్రరీకి పో, ఖతం.

హన్మకొండ_గ్రూప్2:
అన్నా, సిరిల్లో నోట్సు టెలిగ్రామ్‌ల లేకుండె గదా 😄 నా పీడీఎఫ్‌లు, డైలీ టెస్టులు, కరెంట్ అఫైర్స్ అన్నీ గండ్లనే ఉన్నయి, పాలిటీ క్లాసులు యూట్యూబ్‌ల. ఫోన్ ఇడిసిపెట్టి పోతే సగం సిలబస్ రూంలనే ఉన్నట్టు.

ఎల్కతుర్తి_సార్:
అసలు లొల్లి గీడ్నే ఉంది, ఎవ్వరు దీని గురించి మాట్లాడరు. కాజీపేట తమ్ముడు చెప్పిన టిక్‌టాక్ ముచ్చట నిజమే గని దాంట్లకెళ్లి తీసిన అర్థమే తప్పు. బ్లాక్ చేసే లిస్టు రాసుకుంట పోతే అది ఎన్నటికీ ఒడువది, ఇన్‌స్టా మూస్తే షార్ట్స్, షార్ట్స్ మూస్తే క్రికెట్ స్కోరు, ఏం లేకపోతే ఫోన్‌పేల పాత హిస్టరీ చూసుకుంట కూసునేటోళ్లు కూడ ఉన్నరు. అందుకే ఉల్టా చెయ్యాలె, ఏది మూయాలె అని కాదు, ఏది తెరిచి ఉండాలె అని రాసుకోవాలె. ఫారెస్ట్‌ల డీప్ ఫోకస్ అని ఉంటది, నువ్వు ఒప్పుకున్న యాప్‌లు తప్ప ఏది తెరిచినా చెట్టు చస్తది. మా ఇంటర్ పిల్లలకు గిదే చెప్త, డిక్షనరీ, కాలిక్యులేటర్, ఫోన్ కాల్స్, ఇగ సాలు. టెలిగ్రామ్ ఆ లిస్టుల పెట్టకు, పీడీఎఫ్‌లు రాత్రే డౌన్‌లోడ్ చేసుకో, పొద్దున ఒట్టి పీడీఎఫ్ రీడర్ తెరువు. చానా యూట్యూబ్ క్లాసులకు కూడ డౌన్‌లోడ్ బటన్ ఉంటది, అవి దించుకొని ఏరోప్లేన్ మోడ్‌ల చూడు, కింద షార్ట్స్ రానే రావు.

అదాలత్_మొబైల్స్:
సార్ చెప్పింది బానే ఉంది గని నేను రిపేర్ షాపుల కూసుంట, నా బాధ వేరే. బ్లాకర్ యాప్ పని చేస్తలేదని ఫోన్ పట్టుకొస్తరు, చూస్తే ఫోన్ బ్యాటరీ సేవింగ్ దాన్ని వెనకనుంచి చంపేస్తుంటది. సెట్టింగ్స్‌ల ఆ యాప్‌కి బ్యాటరీ రిస్ట్రిక్షన్ తీసెయ్యండ్రి. ఇంకోటి, ఈ యాప్‌లు చానా వరకు యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతయి, అది ఇస్తే స్క్రీన్ మీద ఏముందో అది చదవొచ్చు. ఎవరిదో తెల్వని యాప్‌కి అది ఇయ్యకుండ్రి, ఓటీపీలు కూడ గా స్క్రీన్ మీదనే వస్తయి మరి. చానా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల డిజిటల్ వెల్‌బీయింగ్ ఎట్లాగో ఉంటది, దాంట్లనే మనం చెప్పిన యాప్‌లను ఆపేసే ఫోకస్ మోడ్ ఉంది, ఫ్రీ.

కాజీపేట_పోరడు:
ఫ్రీయే, తీసేసుడు కూడ ఫ్రీయే. రెండు సార్లు నొక్కితే టైమర్ పాయె. నేను పెట్టుకున్న తాళం చెవి నా జేబులనే ఉంటే అది తాళం ఎట్లయితది?

సుబేదారి_అక్క:
చెవి వేరేటోళ్లకు ఇయ్యి. నా ఐఫోన్‌ల యాప్‌లకు టైం లిమిట్ పెట్టే స్క్రీన్ టైమ్ ఉంటది, దాని పాస్‌కోడ్ మా చెల్లె పెట్టింది, నాకు తెల్వది. రాత్రి తొమ్మిదింటికి ఇంకో పది నిమిషాలు చెల్లే అని అడగాలంటే సిగ్గనిపిస్తది, ఆ సిగ్గే పని చేస్తుంది, యాప్ కాదు.

కాజీపేట_పోరడు:
అక్కా, ఇంత వయసొచ్చినంక నా ఫోన్ తాళం ఇంకొకల చేతుల పెట్టాల్నా? నాకైతే నామోషీ.

సుబేదారి_అక్క:
జీతం మొత్తం తెచ్చి అమ్మ చేతుల పెట్టేటోళ్లు మస్తు మంది ఉన్నరు మన దిక్కు, గండ్ల లేని నామోషీ గీండ్ల ఎందుకు తమ్మీ?

ఎల్కతుర్తి_సార్:
చెట్టు ఎండితే బాధైతదా అని అడుగుతరు గని, కొందరికి అయితది, కొందరికి వారం తిరిగేవరకు పాతబడ్తది. నీకు పాతబడిన నాడు అక్క చెప్పింది చెయ్యి. ముందైతే లిస్టు రాసుకో.

హన్మకొండ_గ్రూప్2:
సరే సార్. పీడీఎఫ్ రీడర్, డౌన్‌లోడ్ క్లాసులు, అమ్మ కాల్. కోడ్ రూమ్మేట్‌కి ఇద్దమనుకుంటున్న గని వాడే రాత్రంత పక్కల పండుకొని రీల్స్ సౌండ్ పెడ్తడు, దానికేమన్న యాప్ ఉందా?

అదాలత్_మొబైల్స్:
ఇయర్‌ఫోన్స్ కొనియ్యి వానికి. షాపుకి రా, తక్కువల ఇస్త.