పన్నులు వేసే మంత్రి తన ఇంటి పన్ను లెక్క చూపించాలా, అక్కర్లేదా?

పేస్లిప్ (స్లౌ)

రిషి సునాక్ ప్రధాని పదవి దిగిపోయి చాన్నాళ్లయినా, మనవాళ్లు నలుగురు కూడితే ఈ గొడవ మాత్రం తెగట్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను, ఎవరి వాదన వాళ్లు చెప్పండి.

తెలియనివాళ్ల కోసం సంగతి క్లుప్తంగా. 2022 ఏప్రిల్ 6న బ్రిటన్‌లో జీతగాళ్లకి నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్.ఐ., జీతంలోంచి కోసే ఒక పన్ను) 12 శాతం నుంచి 13.25 శాతానికి పెరిగింది. అప్పుడు ఆర్థికమంత్రి సునాక్. సరిగ్గా అదే రోజు ఇండిపెండెంట్ పత్రిక ఆయన భార్య అక్షతా మూర్తి 'నాన్-డామ్' అని బయటపెట్టింది. అంటే ఉండేది బ్రిటన్‌లోనే, కానీ శాశ్వత స్వస్థలం ఇండియా. అప్పట్లో అలాంటివాళ్లకి, విదేశాల్లో వచ్చే ఆదాయాన్ని ఇక్కడికి తెచ్చుకోనంతకాలం దాని మీద ఇక్కడ పన్ను ఉండేది కాదు. బదులుగా ఏడాదికి 30,000 పౌండ్ల రుసుము కడితే సరిపోయేది. ఇన్ఫోసిస్‌లో ఆవిడ వాటా అప్పటికి 0.9 శాతం పైనే. పత్రికల లెక్క ప్రకారం ఏడాది డివిడెండ్ సుమారు 11.6 మిలియన్ పౌండ్లు. రెండు రోజులు రచ్చ జరిగాక, ఏప్రిల్ 8న, ఇకమీదట ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా బ్రిటన్‌లో పన్ను కడతానని ఆవిడ ప్రకటించారు.

ఇందులో చట్టవిరుద్ధం ఏదీ లేదు, నేనూ అనట్లేదు. నా పాయింటు వేరు. నాన్-డామ్ నిబంధన ఉంచాలా తీసేయాలా అన్నది ఆయన టేబుల్ మీది ఫైలే. ఆ ఫైలు కదిలితే సొంత ఇంటికి ఎంత నష్టమో ఆయనకు తెలుసు, మనకు తెలియదు. నెలకు 3,500 పౌండ్ల జీతగాడి స్లిప్‌లో మార్చిలో 324 పౌండ్లు ఎన్.ఐ. కింద కట్ అయితే, ఏప్రిల్‌లో 354 అయింది. ఆ 30 పౌండ్లు ఎవరి సంతకంతో పోయాయో, ఆ సంతకం పెట్టినాయన ఇంటి లెక్క కూడా అడిగే హక్కు మనకుంది.

మౌనముని (హైదరాబాద్)

అన్నా, సగం స్లిప్పే చూపించావు. అదే సునాక్ ఆ మార్చి 23నే, జులై నుంచి ఎన్.ఐ. థ్రెషోల్డ్‌ని (ఏడాదికి ఎంత జీతం దాటితే ఎన్.ఐ. మొదలవుతుందో ఆ పరిమితిని) 12,570 పౌండ్లకు పెంచుతున్నట్టు ప్రకటించాడు. నీ 3,500 జీతానికి జులై స్లిప్‌లో మళ్లీ 325 దగ్గరికి వచ్చేసి ఉంటుంది. పెంచిన ఆ 1.25 శాతం కూడా నవంబర్‌లో తీసేశారు, అప్పటికి ఆర్థికమంత్రులు మారారనుకో. 30 పౌండ్ల ఏడుపు మూడు నెలలదే.

ఇక అసలు విషయం. ఆ వాటా భర్త సంపాదించి పెట్టింది కాదు, తండ్రి పెట్టిన కంపెనీలో కూతురి వాటా. పెళ్లయితే ఆడదాని ఆస్తి మొత్తం మొగుడి ఖాతాలో వేసి చూసే రోజులు పోలేదా ఇంకా? మరో సంగతి, ఒక మనిషి పన్ను వివరాలు ప్రభుత్వ ఆఫీసు నుంచి బయటికి పొక్కడం అక్కడ నేరం. ఎలా పొక్కిందో విచారణ జరపాల్సి వచ్చింది. ఇవాళ మంత్రి భార్య, రేపు నువ్వూ నేనూ.

బెజవాడ ఆడిటర్

ఇద్దరూ భావాల్లోకి వెళ్లిపోయారు. కాస్త లెక్క చూద్దాం.

మొదట్లో వాళ్ల వైపు నుంచి వచ్చిన వివరణ ఏమిటంటే, ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఆవిడ భారత పౌరురాలు, కాబట్టి బ్రిటన్ చట్టం ఆవిడని నాన్-డామ్‌గా చూస్తుంది అని. వినడానికి బాగానే ఉంది కానీ ఇది సగమే. స్వస్థలం ఏదన్నది పరిస్థితులను బట్టి చట్టం తేలుస్తుంది. విదేశీ ఆదాయం మీద పన్ను తప్పించే 'రెమిటెన్స్ బేసిస్' మాత్రం దానంతట అది వచ్చేది కాదు. ఆ స్థాయి ఆదాయానికి ఏటా రిటర్న్‌లో గడి టిక్ పెట్టి కోరుకోవాల్సి ఉండేది. 30,000 కట్టారంటేనే కోరుకున్నారని అర్థం. పాస్‌పోర్టుకీ ఆ టిక్కుకీ సంబంధం లేదు.

ఇప్పుడు డబ్బు. ఇండియా-బ్రిటన్ ఒప్పందం ప్రకారం ఇలాంటి డివిడెండ్ మీద ఇండియా పట్టుకోగలిగేది 10 శాతం. 2021-22లో బ్రిటన్‌లో పై శ్లాబు డివిడెండ్ రేటు 38.1 శాతం. ఇండియాలో కట్టింది మినహాయించుకున్నా ఇంకా 28.1 శాతం మిగులుతుంది. 11.6 మిలియన్ల మీద అది దాదాపు 3.26 మిలియన్ పౌండ్లు. 30,000కీ దీనికీ ఉన్న తేడా మీరే చూసుకోండి. మౌనముని గారూ, భార్య ఆస్తి వేరు అన్నారు, పన్ను చట్టం దృష్టిలో వేరే. ఒక ఇంట్లో ఖర్చు వేరా అన్నది నా లాంటి ఆడిటర్ అడగకూడని ప్రశ్న 🙂

తెనాలి కారం

మన దగ్గర ఈ బాధే లేదు కదా. 2024లో గుంటూరు నుంచి పోటీ చేసిన పెమ్మసాని చంద్రశేఖర్ గారు కుటుంబ ఆస్తి 5,705 కోట్లని అఫిడవిట్‌లో రాసిచ్చారు. చేవెళ్లలో కొండా విశ్వేశ్వరరెడ్డి గారు 4,568 కోట్లు. టీవీల్లో రెండు రోజులు నోళ్లు వెళ్లబెట్టారు, తర్వాత జనం ఇద్దర్నీ గెలిపించారు. ఒకాయన కేంద్రమంత్రి కూడా అయ్యారు. చూపిస్తే కొంప మునుగుతుందని ఎవరన్నారు? దాస్తేనే కదా అనుమానం.

లెస్టర్ డాక్టరమ్మ

నేను పేస్లిప్ వైపే, కానీ ముందు ఒక మాట. ఇక్కడ మన తెలుగువాళ్లలో ఎన్.ఆర్.ఇ. (ఎన్.ఆర్.ఐ.లు ఇండియా బ్యాంకుల్లో తెరిచే ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ లేనివాళ్లు ఎంతమంది? ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. కానీ బ్రిటన్‌లో నివాసం ఉంటే ఇక్కడ పన్ను ఉంది. చాలామంది "ఇండియాలో ట్యాక్స్ ఫ్రీ అండీ" అని చేతులు దులుపుకుంటారు. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టర్‌కీ డ్యూటీ రూమ్‌లో సీనియర్లు ఇచ్చే మొదటి సలహాల్లో ఇదొకటి, అదీ తప్పు సలహా.

పైగా విదేశీ ఆదాయం ఏడాదికి 2,000 పౌండ్ల లోపు ఉండి, దాన్ని ఇక్కడికి తెచ్చుకోకపోతే, మనలాంటి వాళ్లకి కూడా ఆ నాన్-డామ్ సౌకర్యం రుసుమేమీ లేకుండానే వర్తించేది. 2025 ఏప్రిల్ 6 నుంచి మొత్తం పద్ధతే ఎత్తేశారు, కొత్తగా వచ్చేవాళ్లకి నాలుగేళ్ల వెసులుబాటు ఒక్కటే మిగిల్చారు. ఆ రోజు మన గ్రూపుల్లో పడిన టెన్షన్ చూడాలి. అక్షత గారిని తిట్టిన నోళ్లే "అక్కా, కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దె కూడా చూపించాలా?" అని అడిగాయి.

అయినా సరే పేస్లిప్ వైపే ఎందుకంటే, మనలో ఎవరం ఆ చట్టం రాయలేదు.

మౌనముని (హైదరాబాద్)

డాక్టర్ గారూ, నా వాదన మీరే చెప్పేసి చివర్లో అటు దూకారు! అందరూ వాడుకున్న నిబంధనే ఆవిడా వాడుకుంది. తేడా అంకెల్లో సున్నాలే.

ఇంకొకటి. ప్రధాని అయ్యాక సునాక్ తన లెక్క పెట్టాడు కదా. 2023 మార్చి 22న మూడేళ్ల వివరాలిచ్చాడు. మొత్తం 4.8 మిలియన్ల దాకా ఆదాయం, పది లక్షల యాభై మూడు వేల పౌండ్ల పన్ను. ఏం ఒరిగింది? "22 శాతమే కట్టాడు, మా నర్సు కంటే తక్కువ" అని ఇంకో వారం తిట్టారు. పెట్టుబడి లాభాల మీద పన్ను 20 శాతమని అప్పటి చట్టం చెబితే ఆయన జీతాల పై శ్లాబు 45 ఎందుకు కట్టాలి? డబ్బున్నవాడు, చదువుకున్నవాడు రాజకీయాల్లోకి రావాలంటారు, వస్తే జేబులు తిరగేయమంటారు.

పేస్లిప్ (స్లౌ)

తమ్ముడూ, ఒక్కొక్కటిగా చెప్తాను.

జులై సంగతి నిజమే, నా స్లిప్పుల్లోనూ అలాగే ఉంది. కానీ జులైలో నాకు 30 పౌండ్లు వెనక్కి వచ్చాయా లేదా అన్నది కాదు నేనడిగింది. ఏప్రిల్‌లో కరెంటు, గ్యాస్ బిల్లు పరిమితి ఒక్కసారిగా 54 శాతం పెరిగి ఏడాదికి 1,971 పౌండ్లయింది. అప్పుడు "అందరం కష్టం పంచుకుందాం" అన్న ధోరణిలో మాట్లాడినవాళ్ల ఇంటికి ఆ పంపకంలో ఏ వాటా పడిందో తెలియాలన్నాను.

ఆయన లెక్క పెట్టిన రోజు ఏమిటో చెప్పలేదు నువ్వు. అదే రోజు మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ పార్టీగేట్ (కోవిడ్ లాక్‌డౌన్‌లో విందుల గొడవ) మీద పార్లమెంటు కమిటీ ముందు గంటల తరబడి జవాబులు చెబుతున్నాడు. టీవీలన్నీ అక్కడే. పైగా పెట్టింది రిటర్న్ కాదు, సారాంశం. 2016లో పనామా పేపర్ల (విదేశీ కంపెనీల్లో దాచిన సొమ్ము బయటపెట్టిన పత్రాలు) గొడవలో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరన్ పెట్టిందీ సారాంశమే. బ్రిటన్ ప్రధానుల్లో అలా బయటపెట్టడం ఆయనతోనే మొదలు. ఎవరిష్టం వచ్చినప్పుడు, ఇష్టం వచ్చినంత, ఇష్టం వచ్చిన రోజున. దీన్ని జవాబుదారీతనం అనరు.

భార్య వేరు అన్నావు కాబట్టి కోరు కిడ్స్ సంగతి చూడు. 2023 బడ్జెట్‌లో పిల్లల సంరక్షణ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి 600 పౌండ్లు, ఏజెన్సీ ద్వారా వస్తే 1,200 అన్నారు. అలాంటి ఏజెన్సీల్లో ఒకటి కోరు కిడ్స్, అందులో అక్షత గారికి వాటా ఉండేది. మరో పార్లమెంటు కమిటీలో ఒక ఎంపీ, ఈ విషయంలో మీకేమైనా ప్రయోజనం ఉందా అని సూటిగా అడిగితే, అన్నీ మామూలు పద్ధతిలో వెల్లడించాను అన్నాడు సునాక్. ఆ ఆగస్టులో పార్లమెంటు కమిషనర్, కావాలని కాదు, నిబంధనల విషయంలో గందరగోళం వల్లే వెల్లడించలేదని తేల్చాడు. దురుద్దేశం లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ వాటా భర్త ప్రభుత్వం పెట్టిన బడ్జెట్‌ని తాకిందా లేదా?

ఇక నధీమ్ జహావీ. 2022 జులై నుంచి సెప్టెంబర్ దాకా ఆర్థికమంత్రి. పన్నుల శాఖకు ప్రభుత్వంలో బాధ్యుడు ఆర్థికమంత్రే. అదే శాఖ అప్పుడు ఆయన పన్నుల మీదే విచారణ చేస్తోంది! పెనాల్టీతో కలిపి దాదాపు 5 మిలియన్ పౌండ్లు కట్టి తేల్చుకున్నాడు, అదీ మంత్రిగా ఉండగానే. అది అజాగ్రత్తే గానీ కావాలని చేసింది కాదని ఆయన వాదన. విచారణ సంగతి దాచినందుకు 2023 జనవరి 29న సునాకే మంత్రివర్గంలోంచి తీసేశాడు. పాపం ఆ ఫైలు చూసిన గుమాస్తా పరిస్థితి ఆలోచించు. పై అధికారికి పై అధికారికి పై అధికారి మీద ఫైలు!

తెనాలి కారం

కంచే చేను మేయడం విన్నాం గానీ, కంచె మీద చేనే కేసు పెట్టడం ఇదే వినడం 😀

బెజవాడ ఆడిటర్

తెనాలి కారం గారు అఫిడవిట్ చూసి సంబరపడుతున్నారు కాబట్టి దాని లోపల చూద్దాం. నామినేషన్లప్పుడు ఫారం 26 (ఆ అఫిడవిట్ నమూనా) నింపించే పని నాకూ తగులుతుంటుంది.

2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు, 2003లో మరో తీర్పు వచ్చాకే అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసులు ఓటరు ముందుకొచ్చాయి. ఇప్పుడు అభ్యర్థి, భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ల పాన్ వివరాలు, ఐదేళ్ల రిటర్నుల్లో చూపిన మొత్తం ఆదాయం రాయాలి. గమనించారా, మొత్తం ఆదాయం. కట్టిన పన్ను ఎంతో రాయమని ఆ పట్టికలో గడి లేదు. ఏ మినహాయింపు వాడుకున్నారో అసలే లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను ఎటూ లేదు. కాబట్టి 5,000 కోట్ల మనిషైనా, 5 కోట్ల మనిషైనా, ఎంత శాతం కట్టాడో మనకు తెలిసే దారి అఫిడవిట్‌లో లేదు.

అయితే ఆర్.టి.ఐ. పెట్టి అడుగుదాం అంటారా? 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు, ఆదాయపన్ను రిటర్ను వ్యక్తిగత సమాచారం, విస్తృత ప్రజాప్రయోజనం చూపిస్తే తప్ప ఇవ్వక్కర్లేదు అంది. ఆ కేసు ఒక ఉద్యోగిది, మంత్రిది కాదు. కానీ రాజకీయ నాయకుల రిటర్నులు అడిగినా అదే అడ్డం పెడతారు. ఇంగ్లండ్‌లో ఆస్తి దాచి పన్ను కొంత చూపించారు, మనం ఆస్తి చూపించి పన్ను దాస్తున్నాం.

లెస్టర్ డాక్టరమ్మ

మా తోడికోడలు నార్వేలో ఉంటుంది. అక్కడ పౌరులందరి ఆదాయం, ఆస్తి, కట్టిన పన్ను జాబితా ఎవరైనా చూడొచ్చు. 2014 నుంచి ఒక మెలిక పెట్టారు: నా పేరు ఎవరు వెతికారో నాకు తెలిసిపోతుంది. అప్పట్నుంచి పక్కింటివాళ్ల జీతం వెతికేవాళ్లు బాగా తగ్గిపోయారట. మౌనముని గారి ప్రైవసీ భయానికి ఇది మందు కదా? మంత్రి లెక్క చూడాలనుకున్నవాడు ధైర్యంగా పేరు చెప్పి చూస్తాడు.

మౌనముని (హైదరాబాద్)

నార్వేలో జీతం తెలిస్తే కుళ్లుకుంటారు, మన దగ్గర కిడ్నాప్ చేస్తారు అమ్మా. అందరి లెక్కా పెట్టడానికి నేనొప్పుకోను.

మంత్రి వరకూ అయితే ఒక మెట్టు దిగుతా. రిటర్న్ మొత్తం వద్దు. తను, భార్య లేదా భర్త ఏయే ప్రత్యేక మినహాయింపులు వాడుకుంటున్నారో, ఏయే కంపెనీల్లో ఎంతకు మించి వాటా ఉందో, అంతే. పౌండ్లు, రూపాయలు వద్దు. సునాక్ విషయంలో "కుటుంబానికి రెమిటెన్స్ బేసిస్ ఉంది, ఇన్ఫోసిస్ వాటా ఉంది" అని 2020 ఫిబ్రవరిలో పదవి తీసుకున్న రోజే బహిరంగంగా ఒక లైను రాసుంటే ఆ ఏప్రిల్ రచ్చ ఉండేదా?

పేస్లిప్ (స్లౌ)

ఉండేది కాదు. కానీ పౌండ్లు లేకుండా ఆ లైను రాస్తే, 2,000 పౌండ్ల వడ్డీకి మినహాయింపు వాడుకున్న మంత్రీ, 11.6 మిలియన్లకు వాడుకున్న మంత్రీ ఒకే వరుసలో కనబడతారు. తేడా సున్నాలే అన్నది నువ్వే కదా, ఆ సున్నాలే చూపించమంటున్నా. శ్లాబులైనా పెట్టు: లక్ష లోపు, పది లక్షల లోపు, ఆ పైన.

ఆడిటర్ గారూ, ఫారం 26లో ఆ ఆదాయం గడి పక్కనే "కట్టిన పన్ను" అని ఇంకో గడి చేర్చాలంటే చట్టం మార్చాలా, రూల్ మారిస్తే చాలా?

బెజవాడ ఆడిటర్

ఫారం 26 ఎన్నికల నిర్వహణ నియమాల్లో భాగం. అందులో ఆదాయ మార్గాల వివరాలు చేర్చినప్పుడు పార్లమెంటులో బిల్లు అక్కర్లేకపోయింది. కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. ఇవ్వాల్సింది ఎవరో, ఆ గడి నింపాల్సింది ఎవరో మీకు తెలుసు.